వృద్ధులకు తోడెవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఏ వాడకు పోయి విచారించినను ఒక మాట తప్పక వినవచ్చును: “కొడుకు దుబాయిల ఉన్నడు.” మన ప్రాంతమున దుబాయి యనగా దుబాయి యొక్కటే కాదు. మస్కటు, కువైటు, ఖతరు, సౌదీ అన్నియు దుబాయియే. చదువుకొన్నవారి యిండ్లలో ఆ స్థానమున అమెరికా యుండును. నేతపనివారి యిండ్లలో భీవండియో సూరతో యుండును. ఊరి పేరు ఏదైనను ఇంటిలో మిగిలినవారు మాత్రము ఒక్కరే: అరువదియేండ్లు దాటిన తల్లి, లేదా తండ్రి, అదృష్టముండిన ఇద్దరును.

ఈ వలస నిన్న మొన్నటిది కాదు. సిరిసిల్ల నేతగాండ్రు బొంబాయికిని, భీవండి మరమగ్గములకును తరలిపోవుట తాతల నాటి సంగతి. 1970ల తరువాత చమురుదేశములు ద్వారములు తెరచినవి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల రైతుబిడ్డలు, కూలిబిడ్డలు అప్పు చేసి, ఏజెంటు అడిగినంత చెల్లించి విమానమెక్కిరి. వారి కష్టార్జితముతోనే ఈ ఊళ్లలో గూనయిండ్లు పోయి మేడలు లేచినవి, అప్పులు తీరినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, ఎండిన చేలలో బోర్లు పడినవి. దీనిని మేము తక్కువచేసి చెప్పము. కాని తక్కువ జీతమునకు పోయినవాడు ఆ దేశములకు భార్యనే వెంట తీసికొనిపోజాలడు. తల్లిదండ్రుల మాట చెప్పనేల? రెండేండ్లకొకమారు సెలవు. నడుమ తల్లికి పక్షవాతము వచ్చినను అతడు తటాలున బయలుదేరి రాలేడు. యజమాని సంతకము లేనిది దేశము విడువరాదను నిబంధన పలుచోట్ల చిరకాలము సాగినది. అది సడలిన చోట్లను టిక్కెట్టు పైకము, పోవు కొలువు అను రెండు సంకెళ్లు మిగిలియే యున్నవి. 2020లో కరోనా దినములలో విమానములు నిలిచినప్పుడు తండ్రి చితిని సెల్ ఫోను తెరపై చూచి ఏడ్చిన కొడుకులు మన జిల్లాలలో ఉన్నారు. వారిని ‘తల్లిదండ్రులను విడిచిపోయినవారు’ అని నిందించుట సులభము. అది న్యాయము మాత్రము కాదు.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. అన్నము లేని వృద్ధులు వేరు, మనిషి లేని వృద్ధులు వేరు. మొదటివారికొరకు ప్రభుత్వము కొంత చేసినది. 2014లో ‘ఆసరా’ అను పేర వచ్చిన పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగినది. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును చేసినది. బిడ్డలు పోషింపనియెడల రెవెన్యూ డివిజనల్ అధికారి యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పింపవచ్చునని ఆ చట్టము చెప్పినది. చూచుకొందునని నమ్మబలికి ఆ షరతుపై ఇల్లు వ్రాయించుకొని, పిదప మరచినవాని దస్తావేజును రద్దుచేయుటకు 23వ సెక్షను అధికారమిచ్చినది. జగిత్యాలలో తెలంగాణ ఆల్ సీనియర్ సిటిజన్స్ అసోసియేషన్ వారు ఇట్టి అర్జీలు వ్రాసి పెట్టుటయు, కొడుకులను, కోడండ్రను పిలిపించి నచ్చజెప్పుటయు చేయుచున్నారు. మెచ్చవలసిన పని.

అయినను చట్టము ఎంత దూరము పోగలదు? బియ్యము ఇప్పించును, మందు ఇప్పించును, పోయిన ఇల్లు తిరిగి ఇప్పించును. దీపాలవేళ గడపదాటి వచ్చి, మంచము ప్రక్కన కూర్చుండి, “బాపూ, ఇయ్యాల ఏం తిన్నవ్?” అని అడుగు మనిషిని ఏ అధికారియు ఇప్పింపజాలడు. నెలనెలా ఇరువదివేలు పంపు కొడుకు గలిగి, ఆరోగ్యమునకు పెద్దగా లోటులేక, మాటాడు దిక్కులేక మేడపై ఒక గదిలో గోడకు ముఖము పెట్టి పరుండు వృద్ధుడు ఏ అర్జీయు పెట్టుకొనడు. ఆయన పేరు ఏ పట్టికలోను ఎక్కదు. ఇరుగుపొరుగువారు సైతము ‘ఆయనకేమి లోటు, కొడుకు పైసలు పంపుచున్నాడు’ అందురు.

సిరిసిల్ల సంగతి కొంత ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇచ్చటి వృద్ధుడు జీవితమంతయు సాంచాల నడుమ గడపినవాడు. ఆ చప్పుడులో దినమునకు పండ్రెండు గంటలు నిలుచువానికి ముసలితనమున చెవి నిలుచుట అరుదు. చెవి పోయినవానికి సూరతునుండి కొడుకు ఫోను చేసిన ఏమి లాభము? ‘ఆఁ, ఆఁ’ అని రెండుమారులు పలికి, ఫోనును మనుమని చేతికిచ్చివేయును. ఆ కొడుకు, తండ్రి తనతో మాటాడుట లేదని నొచ్చుకొనును. అదే వృద్ధుని యెదుట ఒకడు మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండి, ముఖము కనబడునట్లు మెల్లగా మాటాడిన, గంటసేపు విడువక బదులుచెప్పును. ఏ కార్ఖానాలో ఎన్ని సాంచాలు నడపెనో, ఏ సేటు కూలి ఎగవేసెనో, చేతిమగ్గముపై తన తండ్రి ఎట్టి చీర నేసెనో అన్నియు వెలికివచ్చును. సెల్ ఫోను ఉన్నదిగదా, ఇక మనుష్యుడెందుకు అనువారు ఈ విషయమును ఆలోచింపవలెను.

బీడీలు చుట్టి బ్రతికిన స్త్రీల కథ మరియొకటి. కోరుట్లలోను, సిరిసిల్లలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను వేలకొలది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టుచు వయసు గడపిరి. ఆ పని ఒంటరి పని కాదు. నలుగురైదుగురు ఒక అరుగుపై చేరి, చేతులు పనిచేయుచుండగా నోళ్లు ఊరి కష్టసుఖములన్నియు చెప్పుకొనునవి. పెండ్లి సంబంధములు అచ్చటనే కుదిరినవి; మగని దెబ్బల కథలు అచ్చటనే వినబడినవి; బతుకమ్మ పాటలు అచ్చటనే చిన్నవారికి పట్టుబడినవి. కన్ను మందగించి, వ్రేళ్లు వంకరపోయి, ఇక చుట్టలేని దినము వచ్చినప్పుడు ఆ ముసలమ్మ కూలి మాత్రమే పోగొట్టుకొనదు. ఆ అరుగును పోగొట్టుకొనును. దగ్గు వచ్చుచున్నదని లోపలి గదిలో పరుండబెట్టుదురు. వీధిలో నవ్వులు వినబడుచుండును, తాను లేదు. కోడలు చెడ్డది కాదు. వేయి బీడీలు పూర్తిచేయనిది సాయంకాలము కూలి చేతికి రాదు. ఆమెకు అత్తవద్ద కూర్చుండుటకు తీరికయేది?

ఒంటరితనము మనసున కలుగు బాధ మాత్రమే, దానికి మందుమాకులేల అని తోసివేయు కాలము పోయినది. 2010లో అమెరికా పరిశోధకులు 148 అధ్యయనములను, మూడు లక్షలకు పైగా మనుష్యుల వివరములను ఒకచోట కూర్చి లెక్కించిరి. నలుగురితో గట్టి సంబంధములు గలవారు ఆ అధ్యయనముల కాలమున బ్రతికి బయటపడు అవకాశము తక్కినవారికంటె సగము మేర అధికమని తేలినది. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదిక ప్రకటించుచు, లోకములో ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారనియు, ఏటేట 8,71,000 మరణములకు దానితో సంబంధము కలదనియు అంచనా వేసినది. ఈ బాధ ముసలివారిదే కాదనియు, యువకులలోను తక్కువ కాదనియు ఆ నివేదికయే చెప్పుచున్నది. ఇంగ్లండువారు 2018లో ఈ విషయమునకు ఒక మంత్రినే నియమించిరి. మంత్రిని నియమించినంతమాత్రమున ముసలివాని తలుపు ఎవరైన తట్టుదురా యనునది వేరు ప్రశ్న.

తట్టిన ఫలమేమో తెలుపు నిదర్శనము టెక్సాసు రాష్ట్రమున లభించినది. 2020లో, అందరును ఇండ్లలో చిక్కువడియున్నప్పుడు, ఇంటికి భోజనము తెప్పించుకొను 240 మందిని రెండు భాగములు చేసిరి. అందులో అధికసంఖ్యాకులు 65 ఏండ్లు దాటినవారు. ఒక భాగమువారితో 17 మొదలు 23 ఏండ్ల లోపు యువజనులు నాలుగు వారములపాటు ఫోనులో మాటాడుచు వచ్చిరి. వారు వైద్యులు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన విద్యార్థులు. ఏ విషయము మాటాడవలెనో అవతలివారి ఇష్టమునకే విడిచిరి. నాలుగు వారములు గడచునప్పటికి, అట్టి పలకరింపు లేనివారితో పోల్చగా, వీరిలో ఒంటరితనము, దిగులు, ఆందోళన తగ్గినవని 2021లో ప్రకటించిరి. నాలుగు వారముల పరీక్షతో లోకమంతటికి తీర్పు చెప్పరాదు. కాని పదునెనిమిదేండ్ల బాలుని మాట సైతము ముసలివారి ప్రాణమునకు బలమగునని దానివలన నిశ్చయముగా తెలియుచున్నది.

అంత దూరము పోనేల? మన దేశముననే కేరళమువారు దారి చూపిరి. 1993లో కోళికోడులో కొందరు వైద్యులు నొప్పితో బాధపడు రోగుల ఉపశమనమునకై ఒక సంఘము పెట్టిరి. మందు తమవద్ద కలదు. కాని రోగి ఇంటిలో గడచు దినములకు తోడెవరు? ఈ ప్రశ్నకు జవాబుగా 2001 ప్రాంతమున ఇరుగుపొరుగువారి సేవాసంఘములు పుట్టినవి. వారమునకు కనీసము రెండు గంటలు ఇయ్యగలవాడెవడైనను చేరవచ్చును. చేరినవారికి శిక్షణ ఇచ్చిరి: ఎట్లు వినవలెనో, ఏమి అనరాదో, ఎప్పుడు వైద్యుని పిలువవలెనో. బడిపంతుళ్లు, అంగడివారు, కూలివారు, గృహిణులు ఇందు చేరిరి. కేరళమునుండియు మనవలెనే గల్ఫు దేశములకు లక్షలమంది పోయిరి. అచ్చటను ముసలివారే ఇండ్లకు కావలియుండిరి. అయినను వాడవాడ ఒక ఏర్పాటు చేసికొనిరి. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దీనినొక విధానముగా స్వీకరించి స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించినది. ముందు ప్రజలు నడచిరి, వెనుక ప్రభుత్వము వచ్చినది. ఈ వరుసను మన యువకులు గమనింతురుగాక.

మన యూళ్లలో సేవ లేకపోలేదు. ప్రతి సంవత్సరము అక్టోబరు 1వ తేదీన, అంతర్జాతీయ వృద్ధుల దినమని, పండ్లు పంచుదురు, శాలువలు కప్పుదురు, ఫొటోలు దిగుదురు. అక్టోబరు 2వ తేదీన ఆ వృద్ధుని తలుపు తట్టువాడుండడు. మా మాట కఠినముగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు. ఒకనాడు పదిమంది గుంపుగా వచ్చి, పండు చేతబెట్టి, మరల రాకపోవుటకంటె రాకపోవుటయే మేలు. వచ్చెదనని చెప్పినవానికొరకు ముసలివారు ఎట్లు ఎదురుచూతురో ఎరిగినవారికి ఇది తెలియును. మంగళవారము వత్తునన్నచో సోమవారము నుండియే గడపవంక చూచుచుందురు. కావున ఈ పనికి మొదటి నియమము: అదే మనిషి, అదే దినము, అదే వేళ. రాలేని వారమున ముందుగా కబురంపవలెను. గొప్ప హృదయము లేకున్నను మానె, గడియారము ఉండవలెను.

రెండవది పైకము. పోవువాడు వృద్ధుల పాసుపుస్తకము, ఏటీఎం కార్డు, భూమి కాగితములు చేత పట్టరాదు. పింఛను తెచ్చిపెట్టుమన్నచో ఆయనను వెంటబెట్టుకొని పోవలెనే కాని తానొక్కడే పోరాదు. బీడీలు చుట్టి, దారము లాగి అరిగిన వ్రేళ్లకు యంత్రముపై ముద్ర పడకుండుట మనము చూచుచునే యున్నాము. అట్టిచోట అధికారితో మాటాడుటకు ప్రక్కన ఒక చదువరి యుండుట కొంత మేలు. వృద్ధురాండ్ర వద్దకు స్త్రీలే, అందును ఇద్దరిద్దరు పోవుట మంచిది. పోయినవారు ఇంటి కోడలిపై తీర్పరులై కూర్చుండరాదు. దెబ్బలు, ఆకలి వంటివి కంటబడిన మాత్రము దాచరాదు. 2021లో దేశమంతటికి ఏర్పరచిన ‘ఎల్డర్ లైన్’ 14567 అను సంఖ్యకు ఉదయము ఎనిమిది మొదలు రాత్రి ఎనిమిది వరకు ఫోను చేయవచ్చును.

మూడవది అందరును మాటాడుటకు జంకునది. తోడు అనునది కులమును దాటగలదా? పట్టణపు నడిబొడ్డున పుట్టినవాడు దళితవాడ చివర ఒంటరిగానున్న అవ్వ ఇంట మంచముపై కూర్చుండి, ఆమె ఇచ్చిన నీరు త్రాగునా? ముస్లిం మొహల్లాలో కొడుకు సౌదీకి పోయిన ముసలి సాహెబునకు ఉర్దూ పత్రిక చదివి వినిపించువాడు దొరకునా? తన వాడలో, తన వారికే చేసికొను సేవ బంధుత్వమగును. మంచిదే, కాని అది ఇదివరకే కొంత కలదు. ఏ బంధువును లేనివాడే కదా మిక్కిలి ఒంటరివాడు. గడప దాటలేని సేవ వానిని చేరదు.

ఇట్టి సంఘములు పెట్టిన కొడుకులు మరింత నిర్లక్ష్యులగుదురని కొందరందురు. ఈ శంకను మేము తేలికగా త్రోసివేయము. కాని అనుభవమేమి? అన్యుడొకడు వారమువారము వచ్చి పోవుచున్నాడని తెలిసిన ఇంటిలో వృద్ధునికి శుభ్రమైన పంచె దొరకును. కొడుకునకు ఫోనులో చెప్పుటకు ఒక సంగతి దొరకును. మరికొందరు, ‘ఇవి తెల్లవారి ఏర్పాటులు, మనకు ఉమ్మడి కుటుంబము కలదు’ అందురు. ఉండెను. బొంబాయి రైలు, దుబాయి విమానము దానిని ఎప్పుడో చీల్చినవి. లేనిదానిని ఉన్నదని చెప్పుకొనుటవలన మంచముపైనున్నవానికి నీళ్లు అందవు.

తోడు ఇచ్చుట ఏకపక్షమని తలచువారు ఈ ప్రాంతపు వృద్ధులను ఎరుగరు. ఇప్పుడు డెబ్బదియేండ్లకు అటునిటు ఉన్నవారు 1978లో యువకులు. ఆ సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు పల్లెపల్లెనుండి నడచివచ్చినవారు వారిలో ఉన్నారు. ఆ అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినప్పుడు రాత్రులు చేలలో దాగినవారును ఉన్నారు. వెట్టి ఎట్లుండెనో తండ్రులనుండి విన్నవారు, గడీ తలుపు ఎట్లు తెరచుకొనెనో కన్నులార చూచినవారు వీరే. ఏ పక్షమున నిలిచిరనునది కాదు ప్రశ్న. ఆ కథలను అడిగి వినువాడు లేక వారితోనే మట్టిగలిసిపోవుచున్నవి. వారము వారము పోవు యువకుడు ఒక నోటుపుస్తకము తీసికొనిపోయిన, తాను ఇచ్చునది ఎక్కువయో, పుచ్చుకొనునది ఎక్కువయో తేల్చుకొనలేడు.

పని ఎవరు ఆరంభింపవలెను? మా దృష్టి పఠనాలయములపై నున్నది. 1935లో మాడపాటి హనుమంతరావు పంతులుగారి అధ్యక్షతన నాల్గవ ఆంధ్రమహాసభ జరిగినది సిరిసిల్లలోనే. నిజాము ప్రభుత్వము సభలపై ఆంక్షలు పెట్టిన ఆ దినములలో తెలంగాణమందలి గ్రంథాలయములు పుస్తకముల కొట్లు కావు. పత్రిక చదువరానివానికి చదివి వినిపించు చోట్లు. ఒకడు చదువును, పదిమంది విందురు. ఇప్పటికిని అక్షరము రాని వృద్ధులు మన యూళ్లలో చాలమంది మిగిలియున్నారు. వారికి చదివి వినిపించువారు మాత్రము లేరు. పఠనాలయమునకు రాలేనివాని వద్దకు పత్రికయే నడచిపోయిన తప్పేమి? ఈ పుట చదువుచున్న ప్రతివాడును వారమునకు ఒక గంట దీనిని మరియొకనికి చదివి వినిపింపగలడు. చదివిన తరువాత మాట తనంతట తానే సాగును.

పెద్ద సంఘము, అధ్యక్షుడు, కార్యదర్శి, రసీదు పుస్తకము ఇప్పుడే వలదు. ఒక్కొక పట్టణమున పదిమంది చాలును. పింఛను దినమున బ్యాంకు నొద్దకో, పోస్టాఫీసు నొద్దకో ఇద్దరు పోయి నిలువవలెను. వచ్చినవారిని కాదు అడుగవలసినది. ‘మీ వాడకట్టులో ఈ నెల రాలేకపోయినవారెవరు?’ అని అడుగవలెను. ముసలివారికి ముసలివారి జాడ తెలియును. పేరు, వాడ, ఇంటి గుర్తు వ్రాసికొని, కొడుకు గల్ఫులో ఉన్నయెడల అతనికి ముందుగా ఒక మాట తెలియజేసి, వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు ఆ తలుపు తట్టవలెను.